పొట్ట మీద రాయి పెట్టుకున్న వదిన

పోయిన వారం మా అంతస్తులోకి కొత్తగా దిగిన అద్దెదారు తన గది ముందు గ్యాలరీలో ఇనుప చెప్పుల స్టాండొకటి నిలబెట్టాడు. మర్నాడు పొద్దున నల్లా దగ్గర స్నానం చేసి వచ్చేసరికి ఆ స్టాండు అతని గడప లోపల ఉంది. తువ్వాలు భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"కాకా, నా స్టాండు లోపటికి ఎవరు జరిపిన్రు? చూసినవా?"

"చూసిన. సముద్రపు నీటికుక్క జరిపింది" అన్నాను.

అతను నవ్వలేదు. నా వయసును ఒకసారి పైనుంచి కిందికి చూసుకున్నాడు. నేను ఊరుకున్నానా? అది మంచుగడ్డలు తేలే సముద్రంలో ఉంటుందని, ఏనుగంత ఉంటుందని, బొంబాయిలో వర్లి దగ్గర ఒడ్డెక్కి మోరీల్లోంచి పాక్కుంటూ కామాఠిపురాలోని మా ఒంటిగదుల చాల్ దాకా వస్తుందని, గ్యాలరీలో ఎవరైనా అడ్డం పెడితే దానికి పడదని చెప్పాను.

సరే, తట్ట దించుతున్నాను. ఏనుగంత ఉండదు. వెల్లకిలా పడుకుంటే మా గ్యాలరీలో ఉన్న చెక్క బెంచీకి సరిపోతుంది. మోరీల్లోంచి రాదు. స్టాండును జరిపింది నేనే. కాలితో తోస్తే కదల్లేదు, వంగి ఎత్తాను. అప్పటినుంచి నడుం పట్టేసి, నొప్పుల మందు రాయమని మా ఆవిడ ముందు చొక్కా ఎత్తుకుని కూర్చుంటున్నాను.

'తట్ట దించడం' నా మాట కాదు. మా వదినది. మేడలు కట్టే చోట ఆడవాళ్లు సిమెంటు తట్టలు మోస్తారు కదా, ఎవరైనా ఉత్సాహం కొద్దీ నిండుగా నింపుకుని తూలుతుంటే వెనకామె అంటుందట, "తట్ట దించు పిల్లా, సగం తీసి ఎత్తుకో" అని. పడుచుతనంలో వదిన మోసింది ఆ తట్టలే. తర్వాత ఆ మాటను నా మీద వాడింది. నేను నోరు విప్పి రెండు ముక్కలు చెప్పానో లేదో "తట్ట దించు మర్దీ" అనేది. నేను ఈ గల్లీలోనే తెలుగు ప్రెస్సులో అక్షరాలు కూర్చి బతికినవాణ్ణి. పెళ్లి కార్డుల్లో వరుడి చదువు ఒక మెట్టు పెంచి అచ్చువేసిన చెయ్యి ఇది. నా తట్ట ఎప్పుడూ నిండుగానే ఉండేది.

ఆమె నాకు చుట్టం కాదు. ఆమె పెనిమిటి నన్ను తమ్ముడూ అన్నాడు కాబట్టి వదిన. అతను తొందరగా పోయాడు. వరస మాత్రం ఉండిపోయింది. వరస ఉంది కాబట్టి ఎగతాళీ ఉంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి మేడల పనిచేసే కూలీలకు ఆమె ఖానావళి నడిపేది. వండేది గదిలో, వడ్డించేది గ్యాలరీలో. సాయంత్రం పని దిగి వచ్చిన మనుషులు గోడకు వీపు ఆనించి, రెయిలింగ్ వైపు కాళ్లు పెట్టి బారుగా కూర్చునేవాళ్లు. జొన్నరొట్టె, పప్పు, ఎల్లిపాయ కారం. ఆ కారం వాసనకు ఫాక్‌లాండ్ రోడ్డు మీద ట్యాక్సీలు ఆగేవి. (ఆగేవి కావు. ఒకసారి ఒకటి ఆగింది. టైరు పంక్చరైంది.)

ఆమె రొండిన ఎప్పుడూ ఒక నల్లరాయి ఉండేది. అరచేతిలో ఇమిడేంత రాయి, నున్నగా. పల్లీలు కొట్టాలన్నా, ఎల్లిపాయ నలపాలన్నా, తలుపు గొళ్లెం సరిచేయాలన్నా చెయ్యి రొండికి పోయేది. పని అయ్యాక కొంగుతో తుడిచి మళ్లీ రొండిన దోపుకునేది. మధ్యాహ్నం పూట గ్యాలరీలో కాళ్లు చాచి, గోడకు జారగిలబడి, పొట్ట మీద చిన్న పీట పెట్టుకుని, దాని మీద టక్ టక్‌మని పల్లీలు కొట్టేది. ఆ చప్పుడు మా అంతస్తుకు గడియారం లాంటిది. ఆ రాయి వర్లిలో ఆమె మోసిన మొదటి మేడ పునాదిలోదని అందరికీ చెప్పేవాణ్ణి.

"తట్ట దించు మర్దీ" అనేది. "మోరి తవ్వినప్పుడు బయటవడ్డది. కడుక్కొని తెచ్చుకున్న."

ఇక టీవీ సంగతి. ఆమె గదిలో టీవీ గుమ్మం వైపు తిప్పి ఉండేది, బయట తింటున్నవాళ్లకు కనబడాలని. ఒక సాయంత్రం జంతువుల చానెల్లో, హిందీలో, ఏదో చల్లటి సముద్రం చూపిస్తున్నారు. నీళ్ల మీద ఒక బొచ్చు జంతువు వెల్లకిలా తేలుతోంది. మీసాలు, గుండ్రటి మొహం, అత్తారింట్లో తిని పడుకున్న అల్లుడిలా నిశ్చింతగా ఉంది. మునిగింది, ఆల్చిప్పతో తేలింది, సంక కింద సంచీలాంటి తోలు మడతలోంచి ఒక రాయి తీసింది, పొట్ట మీద పెట్టుకుంది, ఆల్చిప్పను దానికేసి టక్ టక్‌మని కొట్టింది.

వదిన చేతిలో గంటె. పప్పు ధారగా కింద పడుతోంది.

"ఓ మర్దీ! ఉరికి రా! చూడు చూడు, అది నా చెల్లె!"

తింటున్నవాళ్లలో ఒకడు, కృష్ణ ఒడ్డు ఊరివాడు, ముద్ద నోట్లో పెట్టుకునే అన్నాడు: "గది నీటికుక్క అవ్వా. మా కృష్ణల గుడ ఉంటయి. గని ఇంత బొచ్చు ఉండది."

మేమంతా కాకూ అని పిలిచే పక్కగది మరాఠీ ఆమె గుమ్మంలోంచి తల బయటపెట్టింది. "కుత్రా? కుత్రా కసా? పాణ్‌మాంజర్ ఆహే తే!" కుక్క ఎట్లవుతుంది, అది నీళ్లపిల్లి అని.

"కుక్క గాదు, పిల్లి గాదు. నా చెల్లె" అని వదిన తీర్పు చెప్పి, కింద పడ్డ పప్పు తుడిచింది.

ఆ రోజు నుంచి మాకు ఆ చెల్లెలి కథలే. ఆ కార్యక్రమం ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు చూసింది. ఎముకలు కొరికే నీళ్లలో పుట్టి, ఆ నీళ్లలోనే నిద్రపోయే జంతువుకు ఒంట్లో కొవ్వు పొర లేదట. తిమింగలానికి ఉంది, సీలుకు ఉంది, దీనికి లేదు. ఉన్నదల్లా బొచ్చు. గోరంత జాగాలో మన నెత్తి మీద ఉన్నన్ని వెంట్రుకలు. నేను దాన్ని మొత్తం చాల్ నెత్తుల వెంట్రుకలని ప్రచారం చేసి, దించుకున్నాను. ఆ బొచ్చు మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది, ఆ గాలే దానికి దుప్పటి. ఎక్కడైనా మరక పడి బొచ్చు అంటుకుపోతే చలి లోపలికి దూరుతుంది. అందుకని తిననప్పుడల్లా ఒళ్లు దువ్వుకుంటూనే ఉంటుంది.

దీంతో కూలీలకు కష్టం వచ్చిపడింది. సిమెంటు దుమ్ముతో నేరుగా వచ్చి కూర్చునేవాళ్లను వదిన లేపేసేది. "ఏయ్, పో. నల్లా కాడ కడుక్కో. నెత్తి దువ్వుకో. ఒంటి మీద మన్నుంటే సలి లోపల జొరవడ్తది."

"అవ్వా, బొంబాయిల సలేడిది?"

"నీకేం తెల్సురా. ఒక్కనివి ఇల్లిడిచొచ్చినవు గదా, ఉంటది సలి. దువ్వుకో."

వాడు పోయి దువ్వుకునేవాడు.

కొవ్వు లేని ప్రాణి వేడి నిలబెట్టుకోవాలంటే పొద్దస్తమానం తినాలి కదా. తన బరువులో నాలుగో వంతు రోజూ తింటుందట. వదిన ఎండుపుల్లలా ఉండేది, ఎప్పుడు చూసినా దవడ ఆడుతుండేది. అంతకుముందు మా ఆవిడ "ఏంది అక్కా, బర్రె లెక్క నములుడు" అంటే సిగ్గుపడేది. ఇప్పుడు పల్లీ నోట్లో వేసుకుని, "ఏం జేయాలె చెల్లే, మా ఖాందానే అంత" అనేది.

అయితే ఆమెకు మహా ఇష్టమైన ముక్క వేరే. అక్కడ సముద్రం అడుగున అడవులుంటాయి. నాచు అడవులు, మేడలంత ఎత్తు. వాటి మొదళ్లు కొరికి బతికే ముళ్ల ఉండలు ఉంటాయి, వదిన వాటిని ముండ్లకాయలనేది. చెల్లెలు ఆ ముండ్లకాయల్ని తింటుంది. ఒకప్పుడు ఆ బొచ్చు కోసం మనుషులు వాటిని వేటాడి వేటాడి చాలాచోట్ల లేకుండా చేశారు. అవి పోయిన చోట ముండ్లకాయలు పెరిగి, అడవిని మొదలంటా కొరికేశాయి. అడవి పోతే అందులో దాక్కునే చేపలు పోయాయి, ఉత్త బండ మిగిలింది. మళ్లీ చెల్లెళ్లు వచ్చిన చోట మళ్లీ అడవి లేచింది.

ఒకసారి వదిన వర్లిలో ఉన్న చెల్లెలింటికి, అంటే రెండు కాళ్ల సొంత చెల్లెలింటికి, పురుడు చూడటానికి వెళ్లి కొన్నాళ్లు ఉండిపోయింది. ఆమె వెళ్లిన మర్నాడే గ్యాలరీలో ఒక చెప్పుల స్టాండు మొలిచింది. తర్వాత ఒక నీళ్ల డ్రమ్ము. దాని పక్కన విరిగిన కుర్చీ, ఆ కుర్చీ మీద పాత కూలరు. ఎవరి గుమ్మం ముందు వాళ్లే. వదిన తిరిగొచ్చేనాటికి మనిషి అడ్డంగా తిరిగి నడవాల్సి వచ్చింది. మెట్లు ఎక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ముండ్లకాయలొచ్చినయి" అంది.

ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగి, రొండిన రాయి తీసి అక్కడున్నదాని మీద టంగుమని కొట్టింది. "ఎవరిది? లోపట వెట్టుకో. పెట్టుకుంటవా, నేను తింటనా?" సాయంత్రానికి గ్యాలరీ ఖాళీ. నా కూలరు కూడా పోయింది. అవును, కూలరు నాదే.

కాని అసలు గండం తర్వాత వచ్చింది. మూలగది మేస్త్రి ఒక ఆదివారం పొద్దున చాల్ మీటింగు పెట్టాడు. ఎవరి గది ముందున్న గ్యాలరీని వాళ్లు ఇనుప గ్రిల్లుతో మూసుకోవచ్చని తీర్మానం చేద్దామన్నాడు. గ్రిల్లు చేసేవాడు టేపుతో సహా వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి చెడ్డవాడు కాదు. కోడలు నెలల పిల్లతో ఉంది, ఆ ఒక్క గదిలో ఆరుగురు. ఎవరికి మాత్రం ఇంకొంచెం చోటు చేదు? నాకూ లోలోపల కూలరు మెదిలింది.

వదినకు మాత్రం గ్యాలరీ ముక్కలైతే కూలీలు కూర్చునే బారు ఉండదు. బారు లేకపోతే ఖానావళి లేదు. ముందురోజు మా గుమ్మంలో కూర్చుని, ఎప్పుడూ లేనిది, నమలకుండా అంది: "గీ గ్యాలరీ పోతే నా పొయ్యి ఆరినట్టే మర్దీ. ఆ పోరగాండ్లను యాడ కూసోవెట్టాలె?"

మీటింగులో వదిన మాట్లాడింది. ఆ మాటలకు ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. మేస్త్రి ఆమె కాళ్ల మీద పడ్డాడు. గ్రిల్లువాడు తన టేపు తానే విరిచేసుకుని ఫాక్‌లాండ్ రోడ్డు వైపు పరుగెత్తాడు.

దించుతున్నాను, దించుతున్నాను. జరిగింది ఇది.

వదిన లేచి రాయితో రెయిలింగ్ మీద కొట్టింది. అందరూ అటు చూశారు. "సల్లటి సముద్రంల ఒక జంతువుంటది" అని మొదలుపెట్టి అడవి సంగతి, ముండ్లకాయల సంగతి చెప్పింది. "ముండ్లకాయ దొంగది గాదు. పాపం, దాని నోటి ముందర ఉన్నదే అది తింటది. పక్కదాని జోలికి పోదు. గట్ల ఎవరి ముందరిది వాళ్లు తింటుంటేనే అడివంత పోయింది."

నేను గెలిచామనే అనుకున్నాను.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కత మంచిగుంది అక్కా. గని నా మనుమరాలు యాడ పండాలె? అది చెప్పు. చలో, గ్రిల్లు గావాలన్నోళ్లు చేతులెత్తున్రి."

చేతులు కదిలాయి. కొన్ని మోచేతి దాకా లేచాయి కూడా.

"ఆగున్రి!" అంది వదిన. "చెయ్యెత్తే ముందు ఆ జంతువు పేరన్న తెల్సుకోన్రి. దాని పేరు నీటికుక్క."

"కాయ్?" కాకూ స్టూలు మీంచి లేచింది. "కుత్రా? సగళ్యాంసమోర్ ఖోటం బోల్తేస్? మాంజర్! పాణ్‌మాంజర్!" అందరి ముందూ అబద్ధం చెబుతావా, అది పిల్లి అని.

"కుక్క!"

"మాంజర్!"

అంతే. మా తెలుగు పెద్దలంతా కుక్క వైపు. మరాఠీ ఇళ్లవాళ్లు పిల్లి వైపు. మరాఠీ బడిలో చదివిన మా పిల్లలు కన్నవాళ్లను విడిచి పిల్లి వైపు. గ్రిల్లువాడు, "హిందీలో ఊద్‌బిలావ్ అంటారు, బిలావ్ అంటే పిల్లే కదా" అని తీర్పు చెప్పబోయి రెండు వైపులా తిట్లు తిన్నాడు.

"పిల్లి నీళ్లల్ల దిగుతదా? చుక్క వడితే ఉరుకుతది!"

"మరి కుక్క సంకల రాయి దాచుకుంటదా?"

"మీ తాత చూసిండా దాన్ని?"

"మా తాతది కృష్ణ ఒడ్డే! మీ తాతే చూడలే!"

ఒక మొగుడు కుక్క అన్నాడు. పెళ్లాం పిల్లి అంది. వాళ్లిద్దరి మధ్య పాత పెళ్లివిందు తగువొకటి పైకి లేచింది. మేస్త్రి "చేతులు, చేతులు" అని అరుస్తూనే ఉన్నాడు. లేచిన చేతులన్నీ ఒకరి మొహం ముందు ఒకరు ఆడించుకోవడానికే సరిపోయాయి. ఇంతలో కింది నుంచి ఎవరో కేకేశారు: "అరే, నాగ్‌పాడ దుకాన్ల మటన్ ఖతమైతున్నది!"

ఆదివారం మా చాల్లో అంతకు మించిన తీర్మానం లేదు. సంచులు పట్టుకుని అందరూ మెట్లు దిగారు. మేస్త్రీ దిగాడు. గ్రిల్లువాడు టేపు చుట్టుకున్నాడు.

మధ్యాహ్నం భోంచేసి బయటికి వచ్చాను. గ్యాలరీ చివర వదిన, కాకూ పక్కపక్కన వెల్లకిలా పడుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిద్రపోతున్నారు. వదిన చెల్లెళ్లు సముద్రంలో అలాగే పడుకుంటాయట, అలకు కొట్టుకుపోకుండా చేతులు పట్టుకుని, నాచు ఒంటికి చుట్టుకుని.

ఎంత బాగుండేది, అలా పడుకుని ఉంటే! వాళ్లు పడుకోలేదు. కూర్చుని ఒక పాత నూలు చీరను చెరో కొస పట్టుకుని మడత పెడుతున్నారు. మడత పెడుతూ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతున్నారు.

నాకు అప్పుడు వెలిగింది. ఆ టీవీ రోజు నుంచి ఈ మీటింగు దాకా వదిన దాన్ని ఒక్కసారి కూడా కుక్క అనలేదు.

"వదినె, నిజం చెప్పు. అది కుక్కా, పిల్లా?"

"నాకేం తెల్సు మర్దీ" అంది, కళ్లు తుడుచుకుంటూ. "కాకూను అడుగు."

"భావోజీ, మలా కాయ్ మాహీత్?" అంది కాకూ. ఆమెకూ తెలియదట.

ఆ చీరతో సాయంత్రం మూలగది ముందు, గ్యాలరీ దూలానికి ఊయల కట్టారు. సముద్రంలో తన చెల్లెళ్లలో పిల్లతల్లి వేటకు మునిగేటప్పుడు పిల్లను నాచుతో చుట్టి పోతుందని, అది అలల మీద ఊగుతూ అక్కడే ఉంటుందని వదిన చెప్పింది. మేస్త్రి కోడలు పిల్లను పడుకోబెట్టింది. నల్లాకు పోయేవాళ్లు ఒక ఊపు, నల్లా నుంచి వచ్చేవాళ్లు ఒక ఊపు. తిని చెయ్యి కడుక్కున్న కూలీలు తడి చేత్తో ఒక ఊపు. మేస్త్రి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. గ్రిల్లు మాట మళ్లీ ఎత్తలేదు.

వదిన పోయిన ఏడు పోయింది, మధ్యాహ్నం కునుకులో. వెల్లకిలా పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని. కాదు, పక్కకు తిరిగి పడుకుందని మా ఆవిడ అంటోంది. ఆవిడే ముందు చూసింది కాబట్టి ఆవిడ మాటే నిజం. అయినా నేను వెల్లకిలా అనే రాస్తున్నాను. ఖానావళి ఇప్పుడు ఆ కృష్ణ ఒడ్డువాడి భార్య నడుపుతోంది. రాయిని కాకూ ఎవరినీ అడక్కుండా తీసుకుంది.

ఇక మొన్నటి ఆదివారం. చెప్పుల స్టాండు సంగతి మనసులో పెట్టుకున్నాడేమో, కొత్త అద్దెదారు మీటింగు పెట్టించాడు. అదే గ్రిల్లు. భద్రత అన్నాడు, దొంగలన్నాడు, ఫోనులో బొమ్మలు చూపించాడు. బాగానే మాట్లాడాడు. పాతవాళ్లలో సగం మంది లేరు, కొత్తవాళ్లు తలలూపారు. మీటింగుకు పెద్ద మూలగది మేస్త్రి. "సరే, చేతులెత్తున్రి" అన్నాడు.

చేతులు కదిలాయి. కాకూ నా వైపు చూసింది.

నేను లేచాను. అర్ధగంట ఏకధాటిగా మాట్లాడాను. అబద్ధం. వదిన చెప్పినట్టు అడవి, ముండ్లకాయలు, ఏదీ వరుసగా గుర్తు రాలేదు. నడుం నొప్పి ఒకటి. చివరికి నోట్లోంచి వచ్చింది ఇంతే:

"సల్లటి సముద్రంల ఒక జంతువుంటది. అది కుక్క."

"ఏ జంతువు కాకా?" అన్నాడు కొత్త అద్దెదారు, అయోమయంగా.

"మొన్న నీ స్టాండు జరిపింది చూడు, అదే."

అందరూ నన్నే చూస్తున్నారు. పిల్లి అనాల్సింది కాకూ. ఆమె నోరు తెరిచేలోపు, పెద్దమనిషి కుర్చీలోంచి మేస్త్రి లేచాడు. ఊయల పిల్ల ఇప్పుడు గ్యాలరీ ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు పెడుతూ ఆయన మోకాళ్లకు తగిలి ఆగింది. ఆయన నా వైపు చూడలేదు. చూపుడువేలు పైకెత్తి, చాల్ అంతా వినబడేలా అరిచాడు:

"కుక్క ఎవడన్నడు? అది పిల్లి!"

ఇక చూడాలి. కృష్ణ ఒడ్డువాడు కంచం పట్టుకునే లేచాడు. గుమ్మాలన్నీ తెరుచుకున్నాయి. కొత్త అద్దెదారు "చేతులు, చేతులు" అంటున్నాడు, పాపం. ఆ గోల మధ్యలో, గ్యాలరీ చివర నుంచి, టక్ టక్‌మని రాయి చప్పుడు. వదిన కాళ్లు చాచి, గోడకు జారగిలబడి, పొట్ట మీద పీట పెట్టుకుని పల్లీలు కొడుతోంది.

ఈ తట్ట మాత్రం దించను.